ఎరుపు చూసి ఆయిల్ పోయించకండి!

మా గౌలిపుర సందుల్లో కారు నడపడమంటే ఎడమకాలికి శిక్షే. లాల్‌దర్వాజా దాటి శాలిబండ చేరేసరికి క్లచ్ ఎన్నిసార్లు తొక్కాలో లెక్కుండదు. అందుకే ఈ మధ్య మా బస్తీలో కారు నేర్చుకునే ఆడవాళ్లంతా ఆటోమేటిక్‌నే అడుగుతున్నారు. కొత్తది కొనే స్తోమత లేనివాళ్లం పదేళ్లో, పన్నెండేళ్లో నడిచిన బండి చూసుకుంటాం. నేనూ అలాగే 2011 మోడల్ ఐ10 ఆటోమేటిక్ తీసుకున్నాను. మా అత్తమ్మకు వారానికి మూడుసార్లు డయాలసిస్. పొద్దున ఆరుకల్లా ఆసుపత్రిలో ఉండాలి. ఆ బండి నాలుగు రోజులు షెడ్డులో పడుకుందంటే మా ఇంట్లో కుదరదు.

పోయిన ఎండాకాలం గేరు మారినప్పుడల్లా చిన్న కుదుపు మొదలైంది. దగ్గర్లోని మెకానిక్‌కు చూపిస్తే, “గేర్ ఆయిల్ పాతగైంది అక్కా, మార్చేద్దాం” అన్నాడు. సరే అన్నాను. మూలనున్న డ్రమ్ములోంచి మగ్గుతో ఎర్రటి ఆయిల్ తీస్తుంటే, “ఇది ఏ రకం?” అనడిగాను. “ఏ ఆటోమేటిక్‌కైనా గిదే పోస్తం. ఎర్రగుంటే సాలక్కా” అన్నాడు.

“ఆగు తమ్మీ” అని బండి వెనక్కి తీసుకొచ్చాను. కారంపొడిని రంగు చూసి కొంటామా మనం? చిటికెడు నీళ్లలో వేసి చూసేవాళ్లం కదా! ఏటీఎఫ్ అనే ఈ ఆయిల్‌కు ఎరుపు పుట్టుకతో వచ్చింది కాదు. కారు కింద చుక్క పడితే అది ఇంజను ఆయిలో, గేర్‌బాక్సు ఆయిలో తెలియడానికి కలిపిన రంగు మాత్రమే. నాణ్యతకూ, రకానికీ దానితో పని లేదు.

మామూలు గేర్‌బాక్సులో ఆయిల్ పని పళ్లచక్రాలు అరిగిపోకుండా చూడడం. ఆటోమేటిక్‌లో అలా కాదు. ఇంజను బలాన్ని చక్రాల వైపు అందించేదే ఆయిల్. లోపలి క్లచ్ ప్లేట్లను ఒత్తిడితో కలిపేదీ, విడదీసేదీ అదే. వేడిని మోసుకుపోయేదీ అదే. ఆ ప్లేట్లు ఎంత గట్టిగా పట్టుకోవాలి, ఎంత మెత్తగా జారి కలవాలి అన్నది ఆయిల్‌లో కలిపిన మందుల మీద ఆధారపడి ఉంటుంది. జారుడు ఎక్కువైతే ప్లేట్లు జారిజారి కాలిపోతాయి, పట్టు ఎక్కువైతే బండి కుదుపుతుంది. ఒక్కో కంపెనీ తన ప్లేట్లకు తగ్గట్టు తన కొలత పెట్టుకుంది. గొడవంతా అక్కడే.

మీకో వింత చెప్పనా? పెద్ద ఎత్తున అమ్ముడైన మొదటి ఆటోమేటిక్ గేరు కార్లు 1940 మోడల్‌గా అమెరికాలో వచ్చాయి, ఓల్డ్స్‌మొబైల్ పేరుతో. ఆ తర్వాత చాలాకాలం ఈ ఆయిల్‌లో జారుడు సరిచేయడానికి తిమింగలం నూనె కలిపేవారట! 1970ల మొదట్లో అక్కడి ప్రభుత్వం తిమింగలాల సరుకును నిషేధించాక వేరే రసాయనాలు వెతుక్కోవాల్సి వచ్చింది. జనరల్ మోటార్స్ వాళ్ల ‘డెక్స్‌రాన్’ పేరు 1967లో పుట్టింది. ఇప్పటికీ మన షాపుల్లో ఎక్కువగా వినపడే పేరు అదే.

ఆయిల్ కంటే ముందు మీ బండిలో ఉన్నది ఏ రకం ఆటోమేటిక్కో తెలుసుకోండి. పేరు చూసి మోసపోవడం చాలా తేలిక. హోండా సిటీనే తీసుకోండి. మన దేశంలో 2003లో వచ్చిన సిటీ ఆటోమేటిక్‌లో ఉన్నది సీవీటీ, అంటే గేర్ల బదులు ఉక్కు బెల్టు. 2008 చివర్లో వచ్చిన సిటీలో అయిదు గేర్ల మామూలు ఆటోమేటిక్. 2014 సిటీలో మళ్లీ సీవీటీ! సీవీటీకి దాని ప్రత్యేకమైన ఆయిలే పోయాలి, మామూలు ఏటీఎఫ్ పోస్తే బెల్టుకు చేటు. ఇక 2014లో మారుతి సెలేరియోతో మన దగ్గర మొదలైన ఏఎంటీ అసలు వేరే జాతి. అది మనిషి బదులు యంత్రం క్లచ్ తొక్కే మామూలు గేర్‌బాక్స్. దానికి ఏటీఎఫ్ పోస్తానన్నవాడి దగ్గర బండి ఒక్క నిమిషం కూడా ఉంచకండి.

నా ఐ10లో ఉన్నది నాలుగు గేర్ల పాతకాలం ఆటోమేటిక్. దానికి ఎస్‌పీ-3 పోయాలని కారుతో వచ్చిన పుస్తకంలోనే ఉంది. ముందటి యజమాని పుణ్యమా అని ఆ పుస్తకం డ్యాష్‌బోర్డు అరలో పాత కర్చీఫుల కింద భద్రంగా దొరికింది. మీకు దొరక్కపోతే కంపెనీ సర్వీసు సెంటరులో ఛాసిస్ నంబరు చెప్పి అడగండి. కొన్ని కార్లలో ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ మీదే పేరు చెక్కి ఉంటుంది.

షాపుకు వెళ్తే ఇంకో చిక్కు. “మూడు పాతది మేడమ్, నాలుగు తీసుకోండి, ఇంకా మంచిది” అంటారు. చీరల షాపులో కొత్త డిజైను చూపించినట్టు! ఎస్‌పీ-4 తర్వాత వచ్చిన ఆరు గేర్ల బాక్సుల కోసం తయారైంది, ఎస్‌పీ-3కి మెరుగు కాదు. టయోటాలోనూ అంతే. పాత బండ్ల టీ-4 ఉండాల్సిన చోట పలచటి డబ్ల్యూఎస్ పోయకూడదు. కానీ జనరల్ మోటార్స్ మాత్రం డెక్స్‌రాన్-3 అడిగే తన పాత బండ్లకు డెక్స్‌రాన్-6 పోయొచ్చంది. హోండా కూడా పాత జెడ్-1 స్థానంలో డీడబ్ల్యూ-1 తెచ్చింది. కాబట్టి కొత్తది పాతదానికి పనికొస్తుందో లేదో చెప్పాల్సింది బండి చేసిన కంపెనీ. అమ్మేవాడు కాదు.

డబ్బా మీద ‘డెక్స్‌రాన్-3’ అని కనిపిస్తే ఇంకో సంగతి గుర్తుంచుకోండి. ఆ పేరుకు జనరల్ మోటార్స్ లైసెన్సులివ్వడం 2006తో ఆపేసింది. ఇప్పుడు రాసుకుంటున్నది ఆయిల్ కంపెనీ తన మాటగా రాసుకుంటున్నదే. అన్ని కార్లకూ పనికొస్తుందనే డబ్బాలూ ఉంటాయి. అందులో కొన్ని మంచివే. అయినా వెనకవైపు మీ రకం పేరు అచ్చయి ఉంటేనే తీసుకోండి. నేనైతే కారు కంపెనీ సొంత డబ్బాకే ఓటేస్తాను. నాలుగు వందలు ఎక్కువైనా సరే, గేర్‌బాక్స్ విప్పించే ఖర్చు ముందు అదెంత? సీలు చూసి, బిల్లు తీసుకుని, మన కళ్లముందే విప్పించాలి.

ఆయిల్ తీరు చూడడం మన చేతిలో పనే. నా బండికైతే పది నిమిషాలు నడిపి, చదునైన చోట ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, బ్రేకు తొక్కి పట్టుకుని లీవరును పి నుంచి డి దాకా తిప్పి మళ్లీ పికి తేవాలి. ఇంజను ఆన్‌లో ఉండగానే డిప్‌స్టిక్ తీసి తుడిచి, మళ్లీ పెట్టి తీస్తే ‘హాట్’ గీతల మధ్య తడి కనపడాలి. హోండాల్లో ఇంజను ఆపి చూస్తారు, మీ పుస్తకం చెప్పినట్టు చేయండి. ఆ చుక్కను తెల్లకాగితం మీద వేసి చూడండి. ఎర్రగా, పారదర్శకంగా ఉంటే దిగుల్లేదు. నల్లబడి మాడు వాసనేస్తే లోపల ప్లేట్లు కాలుతున్నట్టు. స్ట్రాబెర్రీ పాలలా ఉంటే నీళ్లు కలిసినట్టే. 2020 అక్టోబరు వానల్లో మన పాతబస్తీలో ఎన్ని కార్లు మునిగాయో మరిచిపోలేదుగా! పాత ఆటోమేటిక్ కొనేముందు ఈ కాగితం పరీక్ష తప్పనిసరి.

నేను చివరికి ఆటోమేటిక్‌లే బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. అందరూ ఉస్తాద్ అంటారు. మిషను పెట్టి మొత్తం కడిగేయమంటే ఆయన ఒప్పుకోలేదు. పాత బాక్సులో పేరుకున్న మడ్డి ఒక్కసారి కదిలితే సన్నటి దారులకు అడ్డుపడుతుందన్నాడు. కింద బోల్టు విప్పితే మూడున్నర లీటర్లు దిగింది. మిగిలింది లోపలే ఉండిపోతుంది. దిగినంతా కొలిచి, అంతే కొత్తది పోశాడు. ఎక్కువైతే నురగ కడుతుందట. అయిదారు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ అలాగే. కుదుపు చాలావరకు తగ్గింది. పూర్తిగా పోయిందని చెప్పను. చల్లటి పొద్దుటిపూట ఇంకా ఒకసారి కదులుతుంది.

“యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను అరిచి బండి కదలకపోతే, ఆయిల్ నల్లగైతే, కొత్తది పోసినా లాభం లేదమ్మా. అప్పుడు ప్లేట్లే చూడాలె” అని కూడా చెప్పాడు. మా సందుల్లో లాగా నిలిచి నిలిచి నడిచే బండికి ఆయిల్ తొందరగా వేడెక్కుతుంది. పుస్తకంలో ఇలాంటి వాడకానికి వేరే పట్టిక ఉంటుంది, మార్చాల్సిన గడువు అక్కడ చూడండి.

దిగిన పాత ఆయిల్‌ను మాత్రం మోరీలో పోయనివ్వకండి. మా ఉస్తాద్ దాన్ని డబ్బాల్లో పట్టి, పాత ఆయిల్ కొనేవాళ్లు వచ్చినప్పుడు అప్పగిస్తాడు. ఖాళీ అయిన కొత్త డబ్బాను నేను ఇంటికి తెచ్చుకున్నాను, ఈసారి షాపులో పేరు చదివి చెప్పక్కర్లేకుండా అదే చూపించడానికి.