మీకు తెలుసా? పగిలిన చెక్కకు సీతాకోకచిలుక

చెక్క పగిలిందంటే ఎవరైనా లప్పం పెట్టి కప్పేస్తారు. ఫర్నిచర్ తయారుచేసే జార్జ్ నకషిమా ఆ పగులును బల్ల మీద అందరికీ కనిపించేలా ఉంచి, అది ఇంకా సాగకుండా అడ్డంగా గాడి తొలిచి, సీతాకోకచిలుక ఆకారపు కర్రబిళ్లను బిగించేవారు. దాచడం కన్నా ఇదే అందం!

అమెరికాలో పుట్టిన ఈ జపాన్ సంతతి ఆర్కిటెక్ట్‌కు జపాన్ వడ్రంగంలో మెళకువలు అబ్బింది, జపాన్ సంతతివారిని అమెరికా బంధించిన ఐడహోలోని నిర్బంధ శిబిరంలో. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో, తనలాగే అక్కడ బందీగా ఉన్న జెంటారో హికొగావా ఆయనకు గురువు. పారేసిన చెక్కముక్కలే ముడిసరుకు.

అంతకుముందు పుదుచ్చేరి అరవిందాశ్రమంలో ‘గోల్కొండ’ వసతిగృహ నిర్మాణాన్ని ఆయన దగ్గరుండి చూసుకున్నారు. ఆ భవనానికి నిజాం విరాళం ఇప్పించింది హైదరాబాద్ దివాన్ సర్ అక్బర్ హైదరీ. ఆ పేరు మన గోల్కొండదే.