చుక్కల ‘అ’ దిద్దించబోయి...

మా అక్క కూతురికి ఈ మధ్యే అక్షరాభ్యాసం అయింది. ‘కోడింగ్ నేర్చుకుంటున్నావుగా, ఫోన్‌లో చుక్కల మీద దిద్దుకునేలా ఏదైనా చెయ్యరా’ అంది అక్క. ఓస్, ఇంతేనా అనుకున్నా.

బ్రౌజర్‌లో బొమ్మలు గీయడానికి కాన్వాస్ ఉంది కదా. అందులో గీతని ముక్కలు చేసేది ‘సెట్‌లైన్‌డ్యాష్’. దానికి అంకెల జాబితా ఇస్తే చాలు. మొదటిది గీత పొడవు, రెండోది ఖాళీ, మళ్లీ గీత, మళ్లీ ఖాళీ... అలా సాగుతుంది. నేను 10, 10 ఇచ్చా. చిన్న వేలికి కనపడాలని మందం 12 పెట్టా. ముక్కల చివర్లు మొండిగా ఉన్నాయని ఆఖర్లో ‘లైన్‌క్యాప్’ని రౌండ్ చేసి, మళ్లీ చూసుకోకుండానే ఫోన్ దాని చేతిలో పెట్టా.

‘మావయ్యా, నువ్వే రాసేశావుగా! నేనెక్కడ దిద్దాలి?’

చూస్తే నిజమే. ‘అ’ నిండుగా ఉంది, ఒక్క ఖాళీ లేదు. అక్క నవ్వు ఆపుకోలేకపోయింది.

సంగతేంటంటే, రౌండ్ క్యాప్ ప్రతి ముక్కకీ రెండు చివర్లా మందంలో సగం అదనంగా కలుపుతుంది. ఒక్కో ఖాళీలోకి అటు నుంచి 6, ఇటు నుంచి 6 వచ్చేశాయి. ఉన్న ఖాళీయే 10! జాబితాని 1, 24గా మార్చా. ముక్క కాస్తా చుక్కయింది, మధ్యలో 12 ఖాళీ మిగిలింది.

ఈసారి పిల్ల దిద్దింది, కానీ చివరి నుంచి మొదటికి. ఎటు వెళ్లాలో చుక్కలు చెప్పవు మరి. ‘లైన్‌డ్యాష్‌ఆఫ్‌సెట్’ విలువని ప్రతి ఫ్రేమ్‌కీ కొంచెం మారిస్తే చుక్కలు చీమలబారులా కదుల్తాయి. 1984 నాటి మ్యాక్‌పెయింట్‌లో సెలెక్ట్ చేసిన భాగం చుట్టూ నడిచిన ‘మార్చింగ్ యాంట్స్’ ఈ బాపతే. ఉత్సాహంగా విలువ పెంచుతూ పోయా. చీమలు వెనక్కి నడిచాయి! గీత మొదలు నుంచి చివరికి వెళ్లాలంటే విలువ తగ్గించాలట.

ఇంకొకటి మర్చిపోయా. పాప వేలితో గీసిందీ చుక్కలుగానే పడింది. ఒకసారి పెట్టిన డ్యాష్ మనం తీసేదాకా అలాగే ఉంటుంది. దాని గీత వేసేముందు ఖాళీ జాబితా ఇస్తే మామూలు గీత వచ్చింది. అప్పటికి రాత్రి పదకొండు, పిల్ల నిద్రపోయింది.

పొద్దున్నే పళ్లయినా తోముకోకుండా ‘అ’ని మూడుసార్లు దిద్దేసింది.

‘ఇప్పుడు ‘ఆ’ పెట్టు మావయ్యా!’