పట్టును బట్టి చూపు

ప్రొద్దుటూరులో బంగారు పని చేసే పాఠకుడొకరు అడిగారు: “బల్ల మీద పెడితే కనపడని అతుకు, వేళ్ల మధ్య పట్టుకుంటే కనపడుతుంది. ఎందుకండీ?” వెలుతురు, దూరం, తిప్పి చూసే వీలు, ఇవన్నీ కారణాలే. నన్ను ఊరించింది మాత్రం ఆ వేళ్లు.

మెదడుకు చేతి చుట్టూ ఉన్న చోటంటే ప్రత్యేకం. 1994లో గ్రాజియానో, గ్రాస్ బృందం కోతి మెదడులో కొన్ని నాడీకణాలను చూపించింది. చేతిని తాకినా అవి స్పందిస్తాయి, చేతి దగ్గరికి వస్తువు వచ్చినా స్పందిస్తాయి. చేయి జరిపితే అవి కాపు కాసే చోటూ జరుగుతుంది. 2006లో కేథరిన్ రీడ్ బృందం మనుషుల మీద చూసింది. చేయి ఉన్న పక్క తెరపై వచ్చిన గుర్తును జనం చప్పున పట్టేశారు. చేతికి బదులు చెక్క పెడితే ఆ చురుకు రాలేదు.

ఇంకేం, చేతి దగ్గర చూపు పదునెక్కుతుందని అనుకున్నారు. అంత తేలికగా తెగే లెక్క కాదది. 2012లో గోజ్లి, వెస్ట్, ప్రాట్ చేసిన ప్రయోగంలో, చేతులు దగ్గరుంటే తెరపై వలయం రెప్పపాటు మాయమవడం బాగా తెలిసింది, వలయంలోని సన్నని ఖాళీ మాత్రం తప్పిపోయింది! కంటి నుంచి మెదడుకు వెళ్లే దారుల్లో మాగ్నో వేగం, కదలిక చూస్తుంది. పార్వో నిదానంగా నగిషీ, రంగు చూస్తుంది. చేతి దగ్గర మాగ్నోదే పైచేయి అన్నారు వాళ్లు.

మరి మన పాఠకుడి అతుకు సంగతి? 2015లో లారా థామస్ పట్టునే మార్చి చూశారు. గుప్పిట పట్టులో కదలిక బాగా తెలిసింది, బొటనవేలూ చూపుడువేలూ కలిపిన పట్టులో ఆకారం బాగా తెలిసింది. చేయి ఏ పనికి సిద్ధపడితే కన్ను ఆ పనికి ఒదుగుతుంది! జమ్మలమడుగులో మగ్గం పిడి గుంజే చేతికి నాడె పరుగు కావాలి, ప్రొద్దుటూరు పట్టకారుకు టంకం గీత కావాలి. ఈ ఊళ్ల ఊహ నాదే, థామస్‌ది కాదు.

అయితే 2018లో ఆండ్రింగా బృందం మళ్లీ పరీక్షిస్తే చేతి ప్రభావం నిలవలేదు. చేతులను ఊరికే తెర పక్కన ఆనించి కూర్చోబెడితే నిలకడ ఎక్కడినుంచి వస్తుంది? సన్నపని చేసే చేతుల మీద చూడాలి, అదీ పని జరుగుతుండగా.

ఇదంతా తెలిసి ఉపయోగమా? చేతుల నడుమ పెట్టుకుని చదివితే వాక్యానికి అర్థముందో లేదో తేల్చడం కష్టమవుతుందని 2010లో డావోలి బృందం చెప్పింది. పులివెందుల బస్టాండులో ఫోను వదిలి చదవమని ఎవరికి చెప్పను?