వేగానికీ వేయాలి ముద్ర!

కిలో టమాటాలు తూచే కాటాకు ప్రభుత్వ ముద్ర ఉంటుంది. ఆటో మీటరుకు ఉంటుంది, పెట్రోలు బంకుకు ఉంటుంది. మన బండి వేగాన్ని కొలిచి చలానా రాసే రాడార్‌కు మాత్రం అలాంటి ముద్ర కోసం ప్రత్యేక నిబంధనలు 2025లో గానీ రాలేదు.

హైవే మీద ఎదురుగా వచ్చే లారీ పట్టపగలు రెండుసార్లు లైట్లు కొట్టిందంటే దాని అర్థం మన డ్రైవర్లందరికీ తెలుసు. ముందు పోలీసులున్నారు, మెల్లగా పో అని. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు లేస్తుంది. కొంచెం ముందుకెళ్తే చెట్టు నీడన ఆపిన పోలీసు వాహనం, మూడు కాళ్ల స్టాండు మీద కెమెరా లాంటి పరికరం, పక్కన ఒక కానిస్టేబుల్. దాన్ని దాటామో లేదో కాలు మళ్లీ కిందికి దిగుతుంది. ఆ లారీ ఎదురుపడని రోజున ఫోన్‌కు మెసేజ్ వస్తుంది: ఫలానా తేదీ, ఫలానా చోట, మీ బండి వేగం ఇంత, జరిమానా ఇంత.

ఇక ఇంట్లో వాదన మొదలు. ‘నేనంత స్పీడు పోలేదు’ అంటాడు బండి నడిపినాయన. ‘మిషన్ అబద్ధం చెప్తుందా?’ అంటుంది పక్క సీట్లో కూర్చున్నావిడ. మిషన్ కావాలని అబద్ధం చెప్పదు. కానీ పొరపడుతుంది. పొరపడిన సంగతి దానికి తెలియదు. అందుకే దాన్ని ఎవరు, ఎలా, ఎక్కడ వాడాలో చట్టం చెప్పాల్సి వచ్చింది.

పరిగెత్తిన చెట్టు

రాడార్‌తో వేగాన్ని పట్టడం అమెరికాలో 1940ల చివర్లో మొదలైంది. ముప్పై ఏళ్లపాటు దాని మాటకు పెద్దగా ఎదురులేదు. 1979లో ఫ్లోరిడా రాష్ట్రం మయామీలో ఒక టీవీ చానల్ పోలీసు రాడార్‌ను పరీక్షించి చూపించింది. రోడ్డు పక్కన నిలబడ్డ పామ్ చెట్టు గంటకు 86 మైళ్ల వేగంతో, అంటే 138 కిలోమీటర్ల వేగంతో పోతోందని చూపించిందా యంత్రం. ఒక ఇల్లయితే 28 మైళ్ల వేగంతో కదిలిపోతోందట!

జనం నవ్వుకున్నారు గానీ, అప్పటికే ఆ రాడార్ మాట మీద జరిమానాలు పడ్డవాళ్లకు అది నవ్వులాట కాదు. డేడ్ కౌంటీ న్యాయమూర్తి ఆల్ఫ్రెడ్ నెస్బిట్ పదుల కొద్దీ కేసులను ఒకచోటికి చేర్చి నిపుణుల వాంగ్మూలాలు విన్నారు. అప్పుడు వాడుతున్న తీరులో రాడార్ సాక్ష్యం సందేహానికి తావులేనిదని చెప్పలేమని తేల్చారు. ఆ దెబ్బతో అక్కడి సమాఖ్య ప్రభుత్వం రాడార్ నమూనాలను పరీక్షించి ప్రమాణాలు రాయించే పనికి పూనుకుంది.

అమెరికా పోలీసులకు ఇంకో అలవాటు ఉంది. అది మనవాళ్లూ నేర్చుకోదగ్గది. డ్యూటీ ఎక్కేముందు, దిగేముందు శృతిదండాన్ని (ట్యూనింగ్ ఫోర్క్) మోగించి రాడార్ ముందు పెడతారు. ఒక్కో దండం ఒక్కో వేగానికి లెక్క. దండం మీద 50 అని ఉంటే తెర మీదా 50 రావాలి. రాకపోతే ఆ రోజుకు ఆ యంత్రం పక్కకే. ఈ పరీక్షను 1966లోనే కనెక్టికట్ సుప్రీంకోర్టు నమ్మదగినదిగా అంగీకరించింది. మృదంగం వాయించేవాళ్లు కచేరీకి ముందు శృతి చూసుకున్నట్టే ఇదీ.

రైలు కూత లెక్క

స్టేషన్‌లో ఆగని ఎక్స్‌ప్రెస్ దగ్గరికొస్తున్నప్పుడు కూత సన్నగా కీచుమంటుంది. మనల్ని దాటగానే బొంగురుపోతుంది. 1842లో ఆస్ట్రియా శాస్త్రవేత్త క్రిస్టియన్ డాప్లర్ ఈ తేడాకు సూత్రం చెప్పాడు. రాడార్ గన్‌లో జరిగేది అదే. అది సూక్ష్మతరంగాలను పంపుతుంది, కదిలే బండికి తగిలి వెనక్కొచ్చిన తరంగం పౌనఃపున్యం కాస్త మారి ఉంటుంది. 24.15 గిగాహెర్ట్జ్ రాడార్‌కు గంటకు 100 కిలోమీటర్లతో ఎదురొచ్చే కారు తెచ్చే తేడా సుమారు 4,475 హెర్ట్జ్. వేల కోట్లలో కొన్ని వేల తేడా! దాన్ని పట్టడం గొప్ప పనే. అంత సున్నితమైన పరికరం ఎండలో, వానలో, జీపు కుదుపుల్లో ఏళ్ల తరబడి తిరిగాక కూడా సరిగ్గానే ఉందా అన్నది వేరే ప్రశ్న.

రాడార్ పుంజం టార్చిలైటు వెలుగులా దూరం పోయేకొద్దీ వెడల్పవుతుంది. వంద మీటర్లు వెళ్లేసరికి రెండు మూడు వరసల బండ్లను కప్పేస్తుంది. ముందు చిన్న కారు, వెనక పెద్ద లారీ వస్తుంటే లారీ నుంచి వచ్చే ప్రతిధ్వనే బలంగా ఉండొచ్చు. తెర మీద ఒకటే అంకె. అది ఎవరిదో తేల్చాల్సింది పోలీసు కళ్లు. శిక్షణ లేని చేతిలో పొరపాటు జరిగేది ఎక్కువగా ఇక్కడే. రోడ్డుకు ఏటవాలుగా నిలబడి కొలిస్తే మాత్రం అంకె అసలు వేగం కన్నా తక్కువే వస్తుంది. 20 డిగ్రీల కోణంలో 100 కాస్తా 94 అవుతుంది. ఆ తప్పు డ్రైవరుకు లాభమే.

మన రోడ్ల మీద కనిపించే స్టాండు గన్‌లలో చాలావరకు లేజర్‌వి. వాటి కిరణం సన్నం. మూడొందల మీటర్ల దూరంలోనూ మీటరు వెడల్పుకు అటూఇటూగా ఉంటుంది కాబట్టి ఒక్క బండినే గురిపెట్టొచ్చు. అయినా చెయ్యి వణికితే కిరణం జారుతుంది.

మన చట్టం ఏమంటోంది?

1988 నాటి మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 183 అతివేగానికి శిక్ష చెబుతుంది. 2019 సవరణ ప్రకారం కారు లాంటి తేలికపాటి వాహనాలకు వెయ్యి నుంచి రెండు వేలు, లారీలూ బస్సులకు రెండు నుంచి నాలుగు వేల రూపాయలు. చాలామంది చదవని మూడో ఉపవిభాగం కూడా అందులోనే ఉంది. ఒక్క సాక్షి ‘నా అంచనాలో వీడు స్పీడుగా వెళ్లాడు’ అంటే దాంతోనే శిక్ష వేయకూడదు. ఆ అంచనాకు యాంత్రికమో ఎలక్ట్రానికో ఏదో ఒక పరికరం ఆధారం ఉండాలి. మనిషి కంటి మీద నమ్మకం చాలదని చట్టమే ఒప్పుకుంది. మరి పరికరం మీద నమ్మకం ఎక్కడి నుంచి రావాలి?

2019లో చేరిన 136ఎ సెక్షన్ ఎలక్ట్రానిక్ నిఘాకు దారి వేసింది. దాని కింద 2021 ఆగస్టులో కేంద్రం 167ఎ నిబంధన తెచ్చింది. స్పీడ్ కెమెరాలు, స్పీడ్ గన్‌లు, సీసీ కెమెరాలు, పోలీసుల ఒంటిమీది కెమెరాలు అన్నీ దీని కిందికే వస్తాయి. పరికరం కచ్చితంగా, సవ్యంగా పనిచేస్తోందని ధ్రువపత్రం ఉండాలి, ఏటా దాన్ని కొత్తగా తీసుకోవాలి. నిఘా ఉన్న దారిలో ముందుగానే అందరికీ కనిపించేలా హెచ్చరిక బోర్డు పెట్టాలి. తప్పు జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాలి, కేసు తేలేదాకా రికార్డు దాచాలి. చలానాలో నంబర్ ప్లేటు కనిపించే ఫొటో, పరికరం కొలిచిన అంకె, తేదీ, సమయం, చోటు, ఉల్లంఘించిన సెక్షన్, వీటితోపాటు ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి చట్టం అడిగే ధ్రువీకరణ కూడా ఉండాలి.

కాగితం మీద ఇంత చక్కటి నిబంధన ఉన్నా అందులోని బోర్డు సంగతి చాలాచోట్ల గాలికి పోయింది. దాక్కుని పట్టుకుంటేనే భయం ఉంటుందనేది కొందరు అధికారుల వాదన. నేను ఒప్పుకోను. దాక్కున్న గన్ ఆ క్షణాన బండిని ఆపదు. చలానా పుట్టేసరికే ప్రమాదం ఉంటే అది జరిగిపోయి ఉంటుంది. ‘ముందు స్పీడ్ కెమెరా ఉంది’ అనే బోర్డు అక్కడికక్కడే వేగం తగ్గిస్తుంది. మనకు కావల్సింది అదే కదా!

పరిమితి బోర్డు సంగతీ అంతే. రాష్ట్రం వేగ పరిమితిని తగ్గిస్తే గెజిట్‌లో ప్రకటించడంతోపాటు రోడ్డు మీద గుర్తులు పెట్టాలని సెక్షన్ 112 అంటోంది. హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు మీద 100గా ఉన్న గరిష్ఠ పరిమితిని 2023లో 120కి పెంచారు, అదీ కుడివైపు రెండు వరసలకే. ఎడమ వరసల్లో 100 దాటకూడదు. ఇలా వరస మారితే పరిమితి మారే చోట డ్రైవరు ఊహించుకోలేడు, చదువుకోవాలి.

ముద్ర వచ్చింది

ఇక తూనికలు, కొలతల చట్టం దగ్గరికొద్దాం. పరీక్ష చేయించని, ముద్ర లేని కాటాతో అమ్మే చిల్లర కొట్టువాడికి 2009 నాటి చట్టం కింద జరిమానా తప్పదు. అదే న్యాయాన్ని ప్రభుత్వం 2025లో తన చేతిలోని రాడార్‌కూ వర్తింపజేసింది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ అంతర్జాతీయ కొలతల సంస్థ సిఫారసును ఒరవడిగా తీసుకుని, వాహన వేగాన్ని కొలిచే మైక్రోవేవ్ డాప్లర్ రాడార్‌లకు నిబంధనలు ప్రకటించింది. 2025 జూలై 1 వాటి అమలుకు పెట్టిన తేదీ. రోడ్డు మీదికి తెచ్చేముందు ఆ పరికరాన్ని తనిఖీ చేయించి ముద్ర వేయించాలి.

ఇది చిన్న విషయంగా కనిపించొచ్చు. నాకైతే కాదు. ఇంతవరకూ పోలీసు శాఖ కొన్నది, పోలీసు శాఖే వాడింది, బాగుందని తానే చెప్పుకుంది. ఇప్పుడు వేరే శాఖ వచ్చి పరీక్షించాలి. అయితే ఈ నిబంధనలు డాప్లర్ రాడార్‌లకే వర్తిస్తాయి. మన దారుల్లో ఎక్కువగా తిరిగే లేజర్ గన్ వేరే సూత్రం మీద పనిచేస్తుంది. దానికీ ఇంతే గట్టి ముద్ర రావాలి. వచ్చేదాకా 167ఎ అడిగే ఏడాది ధ్రువపత్రాన్నైనా నిక్కచ్చిగా చూడాలి.

ఇదంతా వేగంగా పోయేవాళ్లను కాపాడ్డానికి చెబుతున్నది కాదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని మింగాయి. వీటిలో 71 శాతానికి పైగా మరణాలకు అతివేగమే కారణమని కేంద్ర రవాణా శాఖ నివేదిక నమోదు చేసింది. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక బండి ఆగే దూరం నాలుగింతలవుతుంది. వంద మీద పోతున్న కారు సెకనులో 28 మీటర్లు దూకుతుంది. రోడ్డు దాటుతున్న ముసలమ్మ కనబడి, కాలు బ్రేకు మీదికి పోయేలోపే ఆ దూరం అయిపోతుంది.

ఇలా విరిగొచ్చిన ఎముకలను అతికించే కోయంబత్తూరు ఎముకల వైద్యుడు డాక్టర్ ఎస్. రాజశేఖరన్ 2012లో సుప్రీంకోర్టు తలుపు తట్టారు. ఆ కేసులోనే కోర్టు రోడ్డు భద్రతా కమిటీని వేసింది. 136ఎను అమలు చేయాలని 2024లో రాష్ట్రాలను ఆదేశించిందీ ఆ కేసులోనే. అంటే కెమెరాలు పెరుగుతాయి, గన్‌లు పెరుగుతాయి. పెరగాలి కూడా. అవి పెరిగేకొద్దీ వాటి మాట మీద పడే జరిమానాలూ లక్షల్లో పెరుగుతాయి. ఒక్క పాడైన యంత్రం చాలు, సరిగ్గా పనిచేసే వంద యంత్రాల మీద జనానికి నమ్మకం పోవడానికి.

అందుకే రెండు తెలుగు రాష్ట్రాల పోలీసు, రవాణా, తూనికల శాఖల పెద్దలకు ఒక విన్నపం. చలానా మీద బండి వేగం అచ్చు వేస్తున్నారు. దాని పక్కనే ఆ పరికరం నంబరు, దానికి చివరిసారి పరీక్ష జరిగిన తేదీ కూడా అచ్చు వేయండి. ఒక్క వరుస చాలు.

చదువుతున్న మీకూ ఒక మాట. ఈసారి చలానా వస్తే కోపంతో మూసేయకండి. ఫొటో తెరిచి చూడండి. బండి మీదేనా, చోటు సరైనదేనా, అక్కడి పరిమితి ఎంత, అంకె ఎంత. తేడా ఉంటే రాతపూర్వకంగా అడగండి, అవసరమైతే కోర్టులో చెప్పుకోండి. తేడా లేకపోతే డబ్బు కట్టేసి, రేపు అదే దారిలో ఓ ఇరవై కిలోమీటర్లు తగ్గించి వెళ్లండి.