మందు కొట్టే మనిషికి మనసు లేదా?

పత్తి చేలల్లో పురుగుమందు కొట్టే కూలీలను సాయంత్రం పూట పలకరిస్తే, ముందు తలనొప్పి, కళ్ళ మసకల సంగతి చెబుతారు. ఇంకాసేపు కూర్చుంటే అసలు మాట బయటికొస్తుంది: "రాత్రిళ్ళు నిద్ర పట్టట్లా. ఊరికే గుండె దడ. ఇంట్లోవాళ్ళు పలకరించినా విసుగే." ఈ మాట డాక్టరుకు చెప్పరు. చెబితే పిచ్చి అంటారని భయం. రేపు పనికి పిలవరని అంతకన్నా భయం.

ఇది పిరికితనం కాదు, తలరాతా కాదు. మోనోక్రోటోఫాస్ జాతి మందులు పురుగు నరాలను దెబ్బతీసినట్టే మనిషి నరాలనూ దెబ్బతీస్తాయి. ఏళ్ళ తరబడి ఇవి ఒంటికి తగిలేవారిలో దిగులు, ఆందోళన ఎక్కువని పలు పరిశోధనలు చెబుతున్నాయి. దీనికి చావు భయం తోడు. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో మందు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆపైన అప్పులు. దిగులు ముదిరిన ఇంట్లో ఆ మందు డబ్బా చేతికందే దూరంలోనే ఉంటుంది!

దీనికి వైద్యం ఉంది. మాత్రలొక్కటే కాదు, మాటల వైద్యం కూడా. కష్టాన్ని సాంతం విని, ముడిపడ్డ సమస్యలను ఒక్కొక్కటే విడదీసి, మానేసిన పనులు మళ్ళీ మొదలెట్టించే పద్ధతి అది. విదర్భలోనే, అమరావతి జిల్లాలో 30 పల్లెల్లో స్థానికులకే శిక్షణ ఇచ్చి ఈ పని చేయించారు. దిగులు జబ్బున్న ప్రతి 100 మందిలో అంతకుముందు సాయం కోరినవారు నలుగురు. ఏడాదిన్నరలో వారు 27 మంది అయ్యారు.

"కూలి రేట్లు అడగాల్సిన చోట ఈ కబుర్లెందుకు?" అని కొందరు మిత్రులు అడుగుతున్నారు. ముసుగూ చేతితొడుగులూ ఇవ్వకుండా మందు కొట్టించి, ధైర్యంగా ఉండమని బోధిస్తే అది మోసమే. కానీ కుంగిపోయిన మనిషి కూలి పోరాటానికైనా ఎలా వస్తాడు? రెండూ కావాలంటున్నాం మేము.

ఇది దయాధర్మం కాదు. రక్షణ దుస్తులు, వైద్య పరీక్షలు ఉండాలని 1971 నాటి పురుగుమందుల నిబంధనలే చెబుతున్నాయి. సర్కారు ఆసుపత్రిలో మానసిక వైద్యం పొందే హక్కు 2017 చట్టం ఇచ్చింది. 2022 నుంచి 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. అయినా ఫోను ఒక్కటే చాలదు. మందు కొట్టే కాలంలో ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నరాల పరీక్షతోపాటు మనసు సంగతి అడిగే మనిషి ఉండాలని సంఘాలు పట్టుబట్టాలి.

అంతదాకా మనం చేయగలిగింది ఒకటుంది. పక్క సాలులో మందు కొట్టే అన్న నాలుగు రోజులుగా మాట్లాడ్డం మానేస్తే, చూసీ చూడనట్టు పోవద్దు. "ఏందన్నా, నిద్ర పడుతుందా?" అని అడుగుదాం.