మనసుకూ చికిత్స ఉంది

జ్వరం వస్తే నలుగురికీ చెప్పుకునే మనిషి, మనసు కలత చెందితే మాత్రం దాచుకుంటాడు. దేహానికి వలెనే మనసుకూ వ్యాధి కలుగుతుందనీ, అది పాపఫలమో పిరికితనమో కాదనీ గ్రహించకపోవడమే ఇందుకు కారణం.

మనోవ్యాధి జీవితానికి ముగింపు కాదనడానికి అమెరికా గణితవేత్త జాన్ నాష్ ఉదాహరణ. యౌవనంలోనే క్రీడా సిద్ధాంతంలో అపూర్వ ఫలితాలు సాధించిన ఆయనకు 1959లో స్కిజోఫ్రీనియా ఉన్నట్లు వైద్యులు నిర్ధారించారు. లేని కుట్రలను ఉన్నట్లు భ్రమించి ఉద్యోగాన్ని వదులుకున్నాడు. పలుమార్లు ఆసుపత్రి పాలయ్యాడు. విడాకులు పొందిన భార్య అలీసియాయే 1970లో ఆయనకు తిరిగి తన ఇంట ఆశ్రయమిచ్చింది. ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయంలోని పూర్వమిత్రులు ఆయనను వెలివేయలేదు. ఏళ్ల తరబడి లభించిన ఈ ఆదరణ నడుమ, తన ఆలోచనలలో భ్రమ ఏదో, వాస్తవమేదో విడదీసి చూడటం ఆయన క్రమంగా అలవరచుకున్నాడు. 1994లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతిని మరి ఇద్దరితో కలిసి అందుకున్నాడు.

అయితే అందరూ బహుమతులు పొందనక్కరలేదు. వేళకు నిద్రపోవడం, చదువునో పనినో తిరిగి చేపట్టడం, ఆప్తులతో మనసు విప్పి మాట్లాడటం – ఇవన్నీ కోలుకుంటున్న గుర్తులే. వ్యాధి మళ్లీ తలెత్తినా అది ఓటమి కాదు. వైద్యుని సలహా లేనిదే మందులు మానరాదు.

మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్సను హక్కుగా గుర్తించింది. 14416కు ఫోన్ చేస్తే టెలిమానస్ సలహాదారులు తెలుగులోనూ ఉచితంగా సాయపడతారు. ఔషధం వైద్యుడిస్తాడు, ఆదరణ మాత్రం చుట్టూ ఉన్నవారే ఇవ్వాలి.