దానిమ్మ ఎరుపు – నెత్తురు ఎరుపు

"దానిమ్మ తింటే రక్తం పడుతుంది" – ఈ మాట వినిపించని తెలుగు ఇల్లు ఉండదేమో! జ్వరం నుండి లేచినవాడికీ, పాలిపోయిన ఆడపిల్లకూ ముందుగా తెచ్చిపెట్టేది దానిమ్మకాయే. ఆస్పత్రిలో రోగిని చూడబోయేవాడి సంచిలోనూ అదే. నేనూ ఆ మాట నమ్ముతూ పెరిగినవాణ్ణే. మాది అనంతపురం జిల్లాలో సేద్యం మీద బతికే కుటుంబం. బోరు కింద రెండెకరాల్లో భగువా రకం దానిమ్మ ఉంది. మంచి కాయ వ్యాపారి పెట్టెల్లోకి పోతుంది. పగిలిన కాయ, మచ్చ పడిన కాయ ఇంటికి వస్తుంది. కనుక మా ఇంట్లో దానిమ్మకు కరువు లేదు.

అయినా పోయిన ఏడాది మా అమ్మకు ఆయాసం పట్టుకుంది. నాలుగడుగులు వేస్తే చేనుగట్టు మీద కూలబడిపోయేది. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8 గ్రాములని తేలింది. గర్భిణులు కాని స్త్రీలకు అది 12 గ్రాములకు తగ్గరాదు. డాక్టరు ఐరన్ మాత్రలు రాసిచ్చారు. కడుపులో తిప్పుతోందని అమ్మ నాలుగు రోజులకే మానేసింది. "మన తోటలో దానిమ్మ ఉండగా మాత్రలెందుకు నాయనా?" అన్నది. బి.యస్సీ. చదువుతున్న నాకు జవాబు చెప్పడం చేతకాలేదు. ఆ జవాబు వెదుక్కుంటూ తెలుసుకొన్న సంగతులే ఇక్కడ మిత్రులకు చెబుతున్నాను.

మొదట ఎరుపు సంగతి చూద్దాం. మన నెత్తురు ఎర్రగా ఉండటానికి కారణం హిమోగ్లోబిన్‌లోని 'హీమ్' అనే భాగం. దాని నడుమ ఇనుము పరమాణువు ఉంటుంది. దానిమ్మ గింజ ఎరుపుకు కారణం వేరు. అది ఆంథోసయనిన్లు అనే రంగు పదార్థాల వల్ల వచ్చింది. వాటిలో ఇనుము లేదు. నమ్మకం లేకపోతే చెంచాడు దానిమ్మ రసంలో చిటికెడు వంటసోడా వేసి చూడండి. పులుపు విరగగానే ఎరుపు పోయి నీలి ఛాయకు తిరుగుతుంది. రంగులు రెండూ ఒకేలా కనబడినంత మాత్రాన పదార్థాలు ఒకటి కావు.

ఇక లెక్క చూద్దాం. 100 గ్రాముల దానిమ్మ గింజల్లో ఉండే ఇనుము సుమారు 0.3 మిల్లీగ్రాములు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. అంటే దానిమ్మతోనే సరిపెట్టుకోవాలంటే రోజుకు తొమ్మిదిన్నర కిలోలకు పైగా గింజలు తినాలి! మరి మనం చిన్నచూపు చూసే సజ్జల్లోనో? 100 గ్రాములకు 6 మిల్లీగ్రాములు. రాగుల్లో 4కు పైనే.

అలాగని దానిమ్మ పనికిరాని పండు అనుకోరాదు. 100 గ్రాముల గింజల్లో 4 గ్రాముల పీచు, 236 మిల్లీగ్రాముల పొటాషియం, 10 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉన్నాయి. రక్తం తయారీకి అవసరమైన ఫోలేట్ 38 మైక్రోగ్రాములు ఉంది. దానిమ్మ రసం తాగినవారిలో రక్తపోటు కొద్దిగా తగ్గినట్లు కొన్ని పరీక్షల్లో కనబడింది. అయితే అది మందుకు బదులు కాదు. ఇందులోని ప్యూనికలాజిన్ అనే పదార్థాన్ని మన పేగుల్లోని సూక్ష్మజీవులు యూరోలిథిన్లుగా మారుస్తాయి. వీటిపై పరిశోధనలు సాగుతున్నాయి. ఆ సూక్ష్మజీవులు అందరి కడుపులోనూ ఒకేలా ఉండవు కాబట్టి, ఒకరికి చేసిన మేలు ఇంకొకరికి అంతే చేస్తుందని చెప్పలేం.

గింజలు నమిలి తినడమే మంచిది. రసం తీసి వడపోస్తే పీచు పోయి చక్కెర మిగులుతుంది. మధుమేహం ఉన్నవారు ఇది గమనించాలి. పొటాషియం తగ్గించమని డాక్టరు చెప్పిన మూత్రపిండాల రోగులు అడిగి తినాలి. చెట్టు బెరడులో పెలెటిరీన్ వంటి ఆల్కలాయిడ్లు ఉన్నాయి. పూర్వం బద్దెపురుగులకు వాడేవారు గాని, మోతాదు మించితే విషం. ఇంట్లో ప్రయోగాలు వద్దు.

ఇదంతా ఇంట్లో చెబితే, "మన సరుకును మనమే తగ్గించి చెప్పుకుంటామా?" అన్నాడు నాయన. ఆయన బాధ నాకు తెలుసు. పెట్టుబడికి అప్పు తెచ్చిన చేతులవి. కాని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశపు స్త్రీలలో, 15 నుండి 49 ఏళ్ల వారిలో, నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. అందులో ఎంతమంది మా అమ్మలాగే మాత్ర పక్కనపెట్టి పండును నమ్ముకున్నారో! మంచి పండును మంచి పండుగా అమ్ముకొందాం, మందుగా కాదు.

అమ్మను మళ్లీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన మాత్ర మార్చి, రాత్రి అన్నం తిన్నాక వేసుకోమన్నారు. అన్నం తిన్న వెంటనే టీ తాగడం మాన్పించాం, టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు గనుక. సంగటిలోకి ఆకుకూర, దానిపై నిమ్మకాయ పిండుకోవడం అలవాటు చేశాం. విటమిన్ సి ఇనుము పట్టడానికి తోడ్పడుతుంది. మూడు నెలలకు హిమోగ్లోబిన్ 10.6కు వచ్చింది. మాత్రలు ఇంకా వేసుకుంటూనే ఉంది.

మొన్న సెలవులకు పోయినప్పుడు పక్కింటి అత్త, "ఏం తిన్నావక్కా, ముఖంలో కళ వచ్చింది?" అని అడుగుతోంది. అమ్మ చేతిలో పగిలిన దానిమ్మకాయ ఉంది. సగం విరిచి ఆమె చేతిలో పెట్టి, "ఇది నోటికి, మాత్ర నెత్తురికి. నువ్వూ పరీక్ష చేయించుకో పో" అన్నది.

నేను చదివిన రసాయనశాస్త్రం ఇంతకంటే బాగా చెప్పలేదు.